ఇండ్ల ప్లానులు - పొలముల నీటిదారి

సహకార సంఘ పత్రికలో ఇండ్ల ప్లానుల ప్రసక్తి యేల యని సభ్యులలో కొందరు అడుగవచ్చును. విత్తనము, ఎరువు, పురుగుమందు, మిరప ధర - ఇవి గదా మన విషయములు. ఇండ్లు కట్టువారు కట్టుకొందురు, పంచాయతీవారు చూచుకొందురు, నడుమ రైతునకు పని యేమి? మేమును చాలకాలము ఇట్లే తలచితిమి. ఆ తలపు తప్పని 2023 డిసెంబరులో తెలిసికొంటిమి.

ఆ నెల 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల దాపున తీరము దాటెను. వాన వెలిసిన మూడవనాడు పంటనష్టము చూచుటకై మేమొక గ్రామమునకు పోతిమి. ఊరి పేరు వ్రాయుట మా యుద్దేశము కాదు. ఇట్టి యూళ్లు గుంటూరు మొదలు ఒంగోలు వరకు రహదారి కిరుప్రక్కల ననేకము లున్నవి. పడమటి పొలములో నల్లరేగడి చేలన్నియు అప్పటికే నీరు దిగి, కాలు మోపదగినట్లుండెను. ఒక్క రెండెకరముల మిరపతోటలో మాత్రము చీలమండ లోతు నీరు నిలిచియుండెను. చెట్టు నిండ పచ్చికాయ. ఆకు వాలిపోయినది. మిరప వేరునకు గాలి యాడవలెను; నిలువనీటిలో రెండు దినము లున్నచో వేరు కుళ్లుట మొదలిడును, తరువాత నీరు తీసినను చెట్టు తేరుకొనుట యరుదు. కాపర్ ఆక్సీక్లోరైడు లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్లలో పోయుమని అలవాటుగా మేము చెప్పితిమి. ఆ వృద్ధ రైతు మా మొగము వంక చూచి, "నీళ్లు దిగని చేలో మందెక్కడ పొయ్యమంటారు సారూ?" అని యడిగెను. మా యొద్ద జవాబు లేదు.

నీరేల దిగలేదు? తోటకు తూర్పున పూర్వము ఎడ్లబండ్లు పోవు డొంక యుండెను. డొంక వెంట ఒక మురుగు బోదె. ఎగువ చేల నీరంతయు ఆ బోదెలో బడి, అరమైలు దూరమున వాగులో కలియుచుండెడిది. దానిని ప్రభుత్వమువారు త్రవ్వలేదు, ఏ పుస్తకములోను దానికి పేరు లేదు. తాతల నాటి నుండి నీరు తానే చేసికొనిన దారి అది. రైతులు ఏటేట వానలకు ముందు పారతో సరిచేసికొనుచు వచ్చిరి. తుపానుకు రెండేండ్ల క్రిందట ఆ తూర్పు చేలు ఎనిమిదెకరములు ప్లాట్లుగా మారినవి. మూడడుగుల యెత్తున గ్రావెలు పోసి మెరక చేసిరి. డొంక వెంచరువారి రోడ్డాయెను. బోదె ఆ రోడ్డు క్రింద బడెను. తూము పెట్టలేదు. రోడ్డు వేయునపుడే అడ్డముగా రెండు వరుసల సిమెంటు గొట్టములు వేసియున్నచో ఆ తోట బ్రతికియుండెడిది.

ఇందులో మా తప్పును కలదు. ఆ ప్లాను పంచాయతీ బల్లమీద నుండగా మేము చూచితిమి. పత్తిలో గులాబిరంగు పురుగునకు లింగాకర్షక బుట్టల సంగతి మాటలాడుటకై ఆ దినమున అచ్చటికి పోయియుంటిమి. టీ ఇచ్చిరి. ప్లాను రంగుల కాగితము; పార్కు ఆకుపచ్చ, రోడ్లు బూడిద, ప్లాట్లు పసుపు. చుట్టునున్న చేలు మాత్రము అచ్చట ఏమియు లేనట్లు తెల్లగా వదలబడి యుండెను. ఆ పొలములోనే అంతకు మునుపు రెండు పంటకాలములు ప్రదర్శనా క్షేత్రము పెట్టినవారము. బోదె ఎచ్చట పారునో మాకు బాగుగ తెలియును. ఎవరును మమ్మడుగలేదు, మేమును నోరు విప్పలేదు. అది మన శాఖ పని కాదనుకొని టీ త్రాగి వచ్చితిమి.

కావున నేడు మేము చెప్పదలచిన దొక్కటే. లేఅవుటు ప్లాను వచ్చినపుడు పంచాయతీవారు పరిశీలింపవలసినది గీతల లోపలి ప్లాట్లను మాత్రమే కాదు. గీతల వెలుపలి చేలను గూడ. ఆ చేల సంగతి తెలిసినవారు చుట్టుప్రక్కల రైతులే గాన, ఆమోదమునకు ముందు ఆ కాగితము వారి కంట పడవలెను.

పూర్వము ఇండ్లెక్కడ కట్టవలెనను ప్రశ్న ఇంత చిక్కుగా లేకుండెను. సర్వే సెటిల్మెంటు లెక్కలలో ఊరూరికి గ్రామకంఠమని కొంత భూమి ఇండ్లకై వేరుగా చూపబడెను. పెద్దలు చాలచోట్ల మెరకను ఊరు నిలిపి పల్లమును చేలకు విడిచిరి. ఏ డొంక ఎచ్చట తిరుగునో, ఏ పుంత వర్షాకాలమున నీటిదారి యగునో కరణమునకు నోటికి వచ్చియుండెడిది. 1984లో వంశపారంపర్య గ్రామాధికారుల పద్ధతి రద్దయ్యెను. ఆ పద్ధతిలోని అన్యాయములను మా తండ్రుల నోట విన్నవారము, దానిని మరల కోరుట లేదు. కాని దానితోపాటు ఊరి నేలను కంఠస్థము చేసిన మనిషి యొకడు పోయెను. 2019 అక్టోబరు 2 నుండి గ్రామ సచివాలయములు వచ్చినవి. సర్వేయరు, ఇంజనీరింగు సహాయకుడు, వ్యవసాయ సహాయకుడు అని చదువుకొనిన పిల్లలను నియమించిరి. శ్రద్ధ కలవారే. అయితే పలువురు పొరుగూరివారు. బోదెను వానలో చూచినవారు కారు. వారికి చూపవలసిన వారము మనమే.

చట్టములు లేక కాదు. మద్రాసు రాజధానిలో పట్టణ ప్రణాళిక చట్టము 1920లోనే వచ్చినది. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ తరువాత, 1994లో మన రాష్ట్రమున పంచాయతీరాజ్ చట్టము చేసిరి. గ్రామములలో లేఅవుట్లకును ఇండ్లకును ప్రత్యేకముగా 2002లో నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారము లేఅవుటు వేయువాడు పంచాయతీకి దరఖాస్తు పెట్టుకొనవలెను. పంచాయతీ దానిని పట్టణ గ్రామ ప్రణాళికా శాఖవారి సాంకేతికామోదమునకు పంపవలెను. భూమిలో పదింట నొకవంతు ఖాళీస్థలముగా విడిచి, రోడ్లతోపాటు పంచాయతీకి దానపత్రము వ్రాసి యీయవలెను. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలో, అనగా అమరావతి చుట్టు సి.ఆర్.డి.ఏ., ఒంగోలు చుట్టు అక్కడి సంస్థ, ఉన్న యూళ్లలో ఆ సంస్థల ఆమోదమును కావలెను. సాగుభూమిని ఇండ్లకు మార్చుటకై 2006లో వేరొక చట్టము చేసిరి. దానిని తొలగించుటకు 2025లో ప్రభుత్వము పూనుకొనెను. తిరుగుడు తగ్గినదని అమ్మువారు సంతోషింతురు. సంతోషింపదగినదే. కాని రెవెన్యూవారు చూచు ఒక మెట్టు తొలగినపుడు, పంచాయతీ మెట్టుమీద మన కన్ను మునుపటికంటె గట్టిగా నుండవలెనని గూడ గ్రహింపవలెను.

ఇన్ని యుండగా బోదె యెట్లు పూడెను? రోడ్డు వెడల్పునకు కొలత కలదు, పార్కునకు కొలత కలదు. ఆ కొలతలను చూచు అధికారియు కలడు. పేరుగల వాగునకు, చెరువునకు ఇంత దూరము విడువవలెనను నియమమును కలదు. పేరులేని బోదెకు ఏదియు లేదు. సర్వే పటములో లేనిది ప్లానులోనికి రాదు. ప్లానులో లేనిది బల్లవద్ద కూర్చున్నవారికి కనబడదు. ఎవరును అబద్ధమాడకుండగనే, ఎవరును లంచము తీసికొనకుండగనే ఒక తోట మునుగుటకు ఈ మాత్రము చాలును. లంచములు లేవని మేమనుట లేదు. వానిని గూర్చి వేరుగా మాటలాడవచ్చును.

నీటి లెక్క కొంచెము చూడుడు. ఎకరము నేలపై ఒక అంగుళము వాన కురిసినచో అది లక్ష లీటర్లకు పైబడిన నీరు. ఎండి నెరియలు వారిన రేగడి చేను తొలివాన నీటిని చాలవరకు త్రాగివేయును. నిండిన తరువాత మెల్లమెల్లగా విడుచును. అదే నేలపై సిమెంటు రోడ్డు, స్లాబులు, గట్టిగా త్రొక్కిన గ్రావెలు వచ్చినచో ఆ నీటిలో చాలభాగము అప్పటికప్పుడే ప్రక్కకు పరుగెత్తును. తుపానునాడు నాలుగంగుళముల వాన మన ప్రాంతమున వింత కాదు. ఎనిమిదెకరముల వెంచరుపై అది ముప్పది లక్షల లీటర్లకు మించును. ఆ నీరు వచ్చిపడునది ప్రక్కనున్న పల్లపు చేలోనే. అనగా ఆ వృద్ధుని తోట రెండు విధముల నష్టపడెను: తన నీరు పోవు దారి మూసికొనిపోయెను, పొరుగు నీరు మీదికి వచ్చెను.

పెద్ద పట్టణములో ఇదే సంగతి పెద్ద రూపమున జరుగును. 2024 ఆగస్టు చివరను, సెప్టెంబరు మొదటను కురిసిన వానలకు బుడమేరు గట్లు తెగి విజయవాడలో సింగునగరు మున్నగు పేటలు మునిగినవి. దినముల తరబడి ఇండ్లలో నీరు నిలిచెను. ఆ యిండ్లు ఒక్కనాడు లేచినవి కావు. ఒక్కొక్క ప్లాటుగా, ఒక్కొక్క ప్లానుగా దశాబ్దములపాటు పెరిగినవి. కృష్ణకు ఈ యొడ్డున కొండవీటి వాగు కలదు. 2015లో రాజధానికై భూసమీకరణ జరిగిన గ్రామముల గుండ అది పారును. దాని వరదనీటిని కృష్ణలోనికి ఎత్తిపోయుటకు ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల పంపులు పెట్టి 2018 సెప్టెంబరులో ప్రారంభించిరి. రాజధాని గాన పంపులు వచ్చినవి. వెంచరు ప్రక్కనున్న రెండెకరముల రైతునకు పంపులు పెట్టువారెవరు? 2014లో శివరామకృష్ణన్ సంఘము విజయవాడ గుంటూరుల నడుమ సారవంతమగు సాగుభూములను పట్టణముగా మార్చుటను గూర్చి హెచ్చరించెను. ఆ వాదములోనికి మేము పోము. సభ్యులలో రెండు పక్షములవారును కలరు. కాని ముప్పదివేలకు మించిన ఎకరములు ఒక్కమారు ఇచ్చినపుడు దేశమంతయు మాటలాడెను. ఐదేసి, ఎనిమిదేసి ఎకరములుగా పోవు పొలమును గూర్చి ఊరి రచ్చబండ వద్దనైనను మాట లేదు.

ఇవన్నియు ఆమోదమునకు వచ్చు ప్లానుల సంగతులు. అసలు ఆమోదమే కోరక రాళ్లు పాతి ప్లాట్లు అమ్మువారి సంగతి వేరు. అట్టివానిని క్రమబద్ధము చేయుటకు 2020 జనవరిలో నిబంధనలు వచ్చినవి; 2025లో మరల అవకాశమిచ్చి, ఆ యేడు జూన్ 30 నాటికి వేసిన లేఅవుట్లను చేర్చిరి. ప్లాటు కొనిన చిన్న ఉద్యోగిని, యార్డులో బస్తాలు మోయు హమాలీని శిక్షింపరాదను దయ మంచిదే. వారిలో మన పిల్లలును కలరు. అయితే రుసుము ఖజానాకు చేరును గాని పూడిన బోదె తిరిగి త్రవ్వబడదు. క్షమించునపుడైనను, ప్రక్క రైతును పిలిచి నీటిదారి చూపింపుమని యడిగి, ఆ రుసుములోనుండియే తూము కట్టించుట న్యాయమని మా యభిప్రాయము.

ప్లాటు కొనువారికి సయితము ఇందులో నష్టము కలదు. మిషను బడిలో మేము చదువుకొనునపుడు బండపై ఒకడును, ఇసుకపై ఒకడును ఇల్లు కట్టిన కథ చెప్పెడివారు. నల్లరేగడిపై కట్టినవాని కథ మేము పెద్దయిన తరువాత కండ్లార చూచితిమి. ఈ నేలలోని బంకమన్ను తడిసినపుడు ఉబ్బును, ఆరినపుడు ముడుచుకొని నెరియలు వారును. పునాది ఏటేట లేచి దిగుచుండును. గోడ మూలనుండి మూలకు చీలును. రేగడిని తీసి, కదలని పొర వరకు పునాది త్రవ్వుట, లేదా రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థవారు తీర్చిన, అడుగున ఉబ్బుగల స్తంభపు పునాది వేయుట మార్గములు. రెండును ఖర్చుతో గూడినవి. ప్రక్క చేలో నెలల తరబడి నీరు నిలిచినచో ఎంత గ్రావెలు పోసినను క్రింది రేగడి తడియకుండ నుండదు. కావున తూము పెట్టుమని అడుగు రైతు వెంచరువానికి విరోధి కాడు. ఆ యింటిలో కాపురముండబోవు వానికి గూడ మేలు చేయుచున్నాడు.

కల్లముల సంగతి ఒక్కమాట. మిరప ఎండబోయు కాలమున ఘాటు గాలిలో పోవును, దగ్గు వచ్చును. కల్లము ముందున్నది, ఇల్లు తరువాత వచ్చినది. అయినను కల్లము తీయుమని ఇంటివారు ఫిర్యాదు చేయుదురు. కల్లముల ప్రక్కన ప్లాట్లు వేయుటకు అనుమతి యిచ్చునపుడే, నడుమ రోడ్డో ఖాళీస్థలమో ఉండునట్లు ప్లాను తిప్పించినచో ఈ తగవు రాదు. పదింట నొకవంతు ఖాళీస్థలము ఎట్లును విడువవలెను గదా. ఆ పార్కును మధ్యనే పెట్టవలెనని ఎవరు చెప్పిరి?

ఇంగ్లండులో 1947 నాటి పట్టణ గ్రామ ప్రణాళిక చట్టము తరువాత ఇల్లు కట్టుటకైనను, పొలమును ఇండ్ల స్థలముగా మార్చుటకైనను స్థానిక ప్రభుత్వపు అనుమతి కావలెను. దరఖాస్తు వచ్చినదని ఇరుగుపొరుగు వారికి తెలియజేయుదురు. స్థలమువద్ద నోటీసు కట్టుదురు. అభ్యంతరము లున్నవారు గడువులోపల వ్రాసి పంపవచ్చును. చిన్న గ్రామసభలు గూడ తమ యభిప్రాయము చెప్పును. వ్రాసినదెల్ల అంగీకరింపరు. కాని నిర్ణయించువాడు ఆ కాగితమును చదువక నిర్ణయింపలేడు. మనకు కావలసినదియు అంతమాత్రమే. నోటీసు కట్టుటకు కోట్లు ఖర్చు కాదు.

ఇంతకును ఆ చేలు అమ్మినదెవరు? మనవారే. పత్తి రెండేండ్లు చెడినవాడు, బిడ్డ చదువుకో పెండ్లికో అప్పుపడినవాడు, కౌలు కిచ్చి విసిగినవాడు అమ్మును. ఎకరమునకు జీవితమంతయు సేద్యము చేసినను రాని ధర వచ్చునపుడు అమ్మవద్దని చెప్పుటకు మేమెవరము? మేమును పొలము గలవారమే. నాళ్లు రేపెట్లుండునో యెవరికి తెలియును. అమ్మువారిని మేము కోరునది ఒక్కటే. క్రయపు అగ్రిమెంటులో తూర్పు బోదె, పడమటి డొంక యథాస్థితిగా విడువవలెనని రెండు పంక్తులు వ్రాయించుడు. కొనువాడు ధర నిర్ణయించుకొనుటకు ముందైన ఆ రెండు పంక్తులకు ఒప్పుకొనును. రిజిస్ట్రేషను అయిన తరువాత కాళ్లు పట్టుకొనినను ఒప్పుకొనడు.

చట్టము రైతు పక్షమున లేకపోలేదు. 1882 నాటి ఈజ్‌మెంటుల చట్టము ప్రకారము ఇరువదేండ్లు అడ్డులేకుండ, హక్కుగా, బహిరంగముగా వాడుకొనిన నీటిదారికి హక్కేర్పడును. అయితే దానిని కోర్టులో నిరూపించుటకు ఎన్ని వాయిదాలు పట్టునో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. మిరపకు రెండు దినములే గడువు. అందుచేత ప్లాను బల్లమీద నున్నపుడే మాటలాడవలెను. సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది. మన రాష్ట్ర నిబంధనలలో గ్రామస్థాయి కార్యాలయమునకు పెట్టు దరఖాస్తునకు రుసుము లేకుండ చేసిరి. తెల్లకాగితముపై సర్వే నంబరు వ్రాసి, ఈ భూమిలో లేఅవుటునకు దరఖాస్తు వచ్చినదా, వచ్చినచో ప్లాను నకలు ఇప్పింపుడని అడుగవచ్చును. ఆమోదము పొందిన దానికి ఎల్.పి. నంబరుండును, నంబరు లేని వెంచరులో ప్లాటు కొనబోవు బంధువులను ముందుగనే ఆపుడు. గ్రామసభలో నోటిమాటగా చెప్పిన అభ్యంతరము గాలిలో పోవును. కాగితముపై వ్రాసి, అందినట్లు సంతకము తీసికొనుడు.

మన సంఘమునకు మేమొక ప్రతిపాదన పంపియున్నాము. పంచాయతీకి వచ్చు ప్రతి లేఅవుటు ప్లాను నకలు పదునైదు దినములు సంఘ కార్యాలయపు గోడకు తగిలింపవలెననియు, అంతవరకు తీర్మానము చేయవలదనియు సర్పంచిగారిని లిఖితముగా కోరవలెనని అందలి సారాంశము. ఆయన ఒప్పుకొనుటకు చట్టము బలవంతము చేయదు. కాని ఊరి రైతులలో సగముమంది సంతకములు పెట్టి అడిగినచో కాదనుట సులభము కాదు. రెండవది, గ్రామపటము పెద్ద కాగితముపై వ్రాయింపవలెను. సర్వే నంబర్లు సర్వేయరు వ్రాయును. బోదెలు, పుంతలు, వానకాలమున నీరు పొరలు గట్లు ఆయనకు తెలియవు. వచ్చే సర్వసభ్య సమావేశమునకు ఆ పటమును, నాలుగు నీలిరంగు పెన్సిళ్లను తెచ్చెదము. ప్రతి సభ్యుడును తన చేని నీరు ఎటుపోవునో గీసి, క్రింద వ్రేలుముద్రయో సంతకమో వేయవలెను. పడమటి పొలము ఆ వృద్ధ రైతు గీయుటకు ఒప్పుకొనినాడు. ఈ యేడాది ఆయన ఆ రెండెకరములలో మిరప వేయలేదు, జొన్న చల్లినాడు.